గ్రీజు కరగని కార్బురేటర్

"నా చేతులతో నేనే బిగించానమ్మా. తప్పు నాది. సి.ఐ. గారికి రాసిచ్చేశాను. మళ్ళీ ఎందుకు అడుగుతారు?"

యేసుపాదం తల ఎత్తకుండానే అన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. పాత జీపుకి మళ్ళీ ప్రాణం రావాలంటే దర్శిలో ఆయన షెడ్డుకి తీసుకెళ్ళాలని జిల్లా అంతా చెప్పుకునేవారు. ఇప్పుడు స్టేషన్ లోపలి గదిలో బల్ల చివర ఒదిగి కూర్చున్నాడు. గోళ్ళలోని నల్లటి మడ్డి ఇంకా పోలేదు.

మల్లేశ్వరి గడియారం చూసుకుంది. పదీ ఇరవై. సాయంత్రం నాలుగింటికి ఆయన్ని మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తారు.

ఆమె ఇరవై ఒక్క ఏళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గా చేసింది. ఉద్యోగం మానేసి గుంటూరులో ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఈ రోజు పొద్దున్నే ఆరింటికి యేసుపాదం కూతురు, బడి టీచరు ఫెబా ఫోన్ చేసింది. "మా నాన్న అలా చెయ్యలేదు మేడమ్. ఏం జరిగిందో మీరే కనుక్కోండి. నన్ను మాత్రం ఏమీ అడగొద్దు." అంతే చెప్పింది. ఇప్పుడు స్టేషన్ వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పలకరించినా బదులు లేదు.

జరిగిందని పోలీసులు రాసుకున్నది ఇది. బెన్నీ, ముప్పై ఒక్క ఏళ్ళు, యేసుపాదం దగ్గర పని నేర్చుకుని పైకొచ్చినవాడు, ఆయనకి కాబోయే అల్లుడు. కొండలెక్కే పోటీ కోసం తన పాత పెట్రోలు జీపు ఇంజన్‌ని ట్యూన్ చేయించుకున్నాడు. నిన్న పొద్దున కనిగిరి వైపు ఉన్న రాళ్ళగుట్ట మీద నడిపి చూస్తుంటే, ఏటవాలులో ఇంజన్ ఆగిపోయి జీపు వెనక్కి జారింది. బెన్నీ దూకబోయి దాని కింద పడ్డాడు. ఇంజన్ ఆగిపోవడానికి కారణం తప్పు కార్బురేటర్. అది బిగించినవాడు యేసుపాదం.

"పెద్ద కార్బురేటర్ ఎందుకు బిగించారు?" అడిగింది మల్లేశ్వరి.

"బెన్నీ అడిగాడు. ఇంజన్ హెడ్డు చెక్కించాం, పెద్ద వాల్వులు వేశాం. ఇంత ఇంజన్‌కి ఒంటి గొంతు చిన్న కార్బురేటర్ చాలదు, రెండు గొంతులది కావాలన్నాడు. బిగించాను."

"మీకు ఇష్టమేనా?"

యేసుపాదం మొదటిసారి తల ఎత్తాడు. "ఇష్టమేంటమ్మా! రోడ్డు మీదైతే పెద్దది రాజాలాంటిది. కొండ వేరు. జీపు ముక్కు పైకి లేచేసరికి కార్బురేటర్ తొట్టిలో ఉన్న పెట్రోలు వెనక్కి పోతుంది. పెద్దదాని తొట్టి వెడల్పు, లోతు లేదు. పళ్ళెంలో నీళ్ళు మోసినట్టే. పొర్లి గొంతులో పడితే ఇంజన్ ఉక్కిరిబిక్కిరైపోద్ది. చిన్నదాని తొట్టి చెంబులా ఉంటది. ఎంత వంచినా పెట్రోలు వదిలే సన్నబెజ్జం, అదే జెట్టు, మునిగే ఉంటది. జెట్టు ఒక్క నంబరు పెంచాను, పెట్రోలు మట్టం నిలిపే ఫ్లోటు కొంచెం దించాను. కొండని పాట పాడుకుంటా ఎక్కింది."

"ఎక్కిందా?"

ఆయన పెదాలు బిగుసుకున్నాయి. "అది... అంతకు ముందు. వేరే రోజు."

"పెద్దది కొండ మీద ఆగిపోతుందని మీకంత బాగా తెలుసు. అయినా బిగించి అల్లుణ్ణి ఎక్కించారు?"

"రాసిచ్చేశానని చెప్పాను కదమ్మా," అని గోడ వైపు తిరిగిపోయాడు.

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చెంచురామయ్య. "పది నిమిషాలన్నాను మల్లేశ్వరి గారూ. పన్నెండయ్యాయి."

"జీపు చూడాలి సి.ఐ. గారూ."

"ఎందుకండీ? నేరం చేసినవాడు ఒప్పుకున్నాడు, సాక్ష్యం యార్డులో ఉంది. మీ ఉద్యోగం రోజుల్లో లారీల బ్రేకులు తొక్కి చూసినట్టు కాదిది."

"లారీ డ్రైవర్లు కూడా నాతో చాలా ఒప్పుకునేవాళ్ళు. ఓనర్లని కాపాడటానికి. ఆయన ఎవర్ని కాపాడుతున్నాడో మీకు అనుమానం రాలేదా?"

చెంచురామయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. కానీ మనిషి తెలివైనవాడు. కానిస్టేబుల్‌ని పిలిచాడు. "వాసిం! కెమెరా తీసుకురా. ఈవిడ ఏది ముట్టుకున్నా నా ఎదురుగానే. ప్రతిదీ ఫోటో."

యార్డులో జీపు వెనక భాగం నుజ్జయి ఉంది. ఆకాశం పొద్దున్నుంచీ మూసుకునే ఉంది. గాలిలో మిరప ఘాటు. వాసిం తుమ్ముతూనే ఫోటోలు తీస్తున్నాడు.

మల్లేశ్వరి ఇంజన్ నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పించి తెల్లగుడ్డ మీద వరసగా పెట్టించింది.

"రంగు చూడండి."

"గోధుమ రంగు. అయితే?"

"బిస్కెట్ రంగు. ఇంజన్‌కి పెట్రోలు, గాలి సరిపాళ్ళలో అందాయి. ఆగిపోయేంత పెట్రోలు పొర్లి గొంతులో పడితే ఇవి కాటుకలా ఉండాలి. తడిగానైనా ఉండాలి."

చెంచురామయ్య నవ్వాడు. "కొత్త కార్బురేటర్ పెట్టి ఐదు నిమిషాలు కూడా నడపలేదేమో. రంగెప్పుడు మారుద్ది? ఇది కోర్టులో నిలవదండీ."

"నిలవదు," అని ఒప్పుకుంది మల్లేశ్వరి. "కార్బురేటర్ మూత విప్పించండి."

స్క్రూలు ఒక్కొక్కటే వచ్చాయి. వాసిం మూత ఎత్తాడు. ముగ్గురూ వంగి చూశారు.

తొట్టి గోడలకి పలచగా పసుపుపచ్చ గ్రీజు పూసి ఉంది. అడుగున ఉన్న జెట్టు రంధ్రాల్లో కూడా అదే గ్రీజు. షెడ్డు అరలో ఏళ్ళ తరబడి తుప్పు పట్టకుండా దాచిపెట్టే వస్తువుకి పూసినట్టే ఉంది, చెక్కు చెదరలేదు.

"దీని లోపలికి ఒక్క చుక్క పెట్రోలు వచ్చినా ఈ గ్రీజు కరిగేది," అంది ఆమె. "ఈ కార్బురేటర్‌తో జీపు ఒక్క సెకను కూడా నడవలేదు. జీపు ఆగాక, బెన్నీ దాని కింద పడ్డాక బిగించారు. కడిగే తీరిక కూడా లేదు."

చెంచురామయ్య చాలాసేపు ఆ తొట్టిలోకే చూశాడు. "అయితే నడిచిన కార్బురేటర్ ఎక్కడుంది?"

"కొండ మీద వెతకాలి. 108కి ఫోన్ ఎన్నింటికి వచ్చింది?"

"ఎనిమిదీ రెండుకి. యేసుపాదం ఫోన్ నుంచి."

"ప్రమాదం ఎన్నింటికి?"

"ఎనిమిదింటికని చెప్పాడు."

"కొండ దగ్గరున్నవాళ్ళని అడిగారా?"

ఆయన పోలీసు జీపు తాళం తీసుకుని, "ఎక్కండి. నేనూ వస్తాను," అన్నాడు.

పన్నెండుంపావుకి గుట్ట దగ్గర దిగారు. కింద కల్లంలో రసూల్‌బీ అనే పెద్దావిడ ఎండబోసిన మిరపకాయల మీద పట్ట కప్పుతోంది. వాన వస్తుందేమోనని ఆమె చేతులు తొందరపడుతున్నాయి. పోలీసు జీపు చూసి ఆగింది.

"నిన్న పొద్దున ఇక్కడే ఉన్నావా అమ్మా?" అడిగింది మల్లేశ్వరి.

"ఉండకేం? కాయలొదిలేసి ఏడకి పోతాను? తెల్లారగట్ట నుంచీ ఈడనే."

"జీపు చప్పుడు విన్నావా?"

"వినకేం. ఒకసారి సాఫుగా పైకి పోయింది. దిగింది. తర్వాత ఒకాడపిల్ల గొంతు. ఏడుస్తా అరిచింది. ఏందన్నదో తెలీలా. మళ్ళీ జీపు కదిలింది. కాసేపటికి బుర్రుమని పెద్ద మోత, దభీమని ఒక దెబ్బ. అంతే, ఆగిపోయింది."

"ఎన్నింటికో గుర్తుందా?"

"అప్పుడే కనిగిరి బస్సు పోయింది. ఏడుంపావు బస్సు. తర్వాత తెల్లకారు ఒకటి గబగబా దిగి రోడ్డెక్కింది. ఆ తర్వాత చాలాసేపు టక్కుటక్కుమని ఇనప చప్పుడు. జీపు బాగుచేసుకుంటన్నారులే అనుకున్నా." ఆమె చేతిలోని పట్ట కొస వదిలేసింది. "అయ్యో, 108 బండి వచ్చేదాకా మడిసి పడిపోయాడని నాకు తెలీదమ్మా. తెలిస్తే పరిగెత్తేదాన్ని కాదా?"

ఏడుంపావు. ఎనిమిదీ రెండు. నలభై ఏడు నిమిషాలు. చెంచురామయ్య తన పుస్తకంలో రాసుకోవడం మల్లేశ్వరి చూసింది. ఆయన కలం చాలా నెమ్మదిగా కదిలింది.

పైన ఏటవాలు మధ్యలో చక్రాలు తవ్విన రెండు గుంటలు. వాటికి దిగువన పెద్ద బండ, దాని మీద ఎండిన నెత్తురు మరక. మల్లేశ్వరి గుంటల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"జీపు ఇంజన్ ఆగి జారితే బ్రేకు తొక్కుతారు. చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుంటూ దిగిన చారలుండాలి. ఇక్కడ గుంటలున్నాయి. చక్రాలు తిరిగి తవ్వినవి."

"ఎక్కేటప్పుడు తవ్వి ఉంటాయి."

"ఎక్కేటప్పుడు తిరిగితే రాళ్ళు దిగువకి చిమ్ముతాయి. చూడండి, ఎటు చిమ్మాయో."

చిన్నరాళ్ళన్నీ గుంటల నుంచి పైవైపుకి విసనకర్రలా పరుచుకుని ఉన్నాయి. చెంచురామయ్య వాటి వెంట నాలుగడుగులు పైకి నడిచి వెనక్కి వచ్చాడు.

"అంటే... ఇంజన్ నడుస్తుండగా వెనక్కి వచ్చిందంటారా? రివర్సులో?"

"ఇంజన్ శక్తితోనే వచ్చింది. మీరు మొదట తీసిన ఫోటోల్లో గేరు ఎక్కడుంది?"

"మొదటి గేరులో ఉంది. పంచనామాలో నేనే రాయించాను." ఫోన్‌లో ఫోటో చూపించాడు. గేరు కర్ర ఎడమ పక్కకి, ముందుకి తోసి ఉంది. దాని గుండు మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి.

మల్లేశ్వరి ఫోన్ తిరిగిచ్చింది. "మీ కారులో మొదటి గేరు అక్కడే ఉంటుంది. నా కారులోనూ అక్కడే. ఈ జీపుకి మూడే గేర్లు సి.ఐ. గారూ. మొదటిది ఎడమ పక్క వెనక్కి లాగాలి. ముందుకి తోస్తే రివర్సు."

చెంచురామయ్య ముఖంలో రంగు మారింది.

"మీరు పొరపాటు పడ్డారు. నడిపినవాళ్ళు కూడా అదే పొరపాటు పడ్డారు," అంది. "పదేళ్ళుగా ఈ జీపు తోలే బెన్నీకి అది జరగదు. నలభై ఏళ్ళుగా ఇలాంటివి విప్పి బిగిస్తున్న యేసుపాదానికీ జరగదు. కొత్త కార్లకి అలవాటుపడిన చెయ్యి అది. ఏటవాలులో ఆపి, కంగారులో మొదటి గేరనుకుని తోసి, క్లచ్ వదిలేసింది. వెనక చక్రానికి రాయి పెట్టడానికి బెన్నీ సరిగ్గా వెనకే నిలబడి ఉన్నాడు."

"వదిలేసింది అన్నారు. ఆడమనిషి అనా?"

"అన్నాను."

కొంచెం ఎగువన వాసిం కేకేశాడు. రెండు బండల సందులో, చిన్నరాళ్ళ కింద, మెత్తటి బనీను గుడ్డలో చుట్టి చిన్న కార్బురేటర్ దొరికింది. ఇంకా పెట్రోలు వాసన వస్తోంది. మూత స్క్రూ ఒక్కటి కూడా పోకుండా బిగించి ఉంది. దాన్ని పారేయడానికి ఆ ముసలాయనకి చేతులు రాలేదని మల్లేశ్వరికి అర్థమైంది. ఆయన మీద జాలి పడటం తన పని కాదు. అయినా పడింది.

తిరుగుదారి పట్టారు. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రటి కుప్పల మీద నల్లటి పట్టలు కప్పుకుంటూ పోతున్నారు జనం.

మూడూ పదికి స్టేషన్‌లో దిగారు. వరండాలో ఫెబా అక్కడే నిలబడి ఉంది. గేటు బయట ఆమె తెల్లకారు. మల్లేశ్వరి ఆమె ముందు ఆగింది.

"నిన్నేమీ అడగొద్దన్నావు. అడగలేదు. నువ్వెందుకు చెప్పలేకపోతున్నావో మాత్రం చెప్పు."

ఫెబా కళ్ళు నేల మీదే ఉన్నాయి. "కార్లో బైబిలుంది మేడమ్. దాని మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాడు నాన్న. ఎవరికీ చెప్పనని. నేను ఒట్టు తప్పలేదు. మీరే కనుక్కున్నారు కదా?"

"కనుక్కున్నాను."

ఆ మాట వినగానే ఫెబా గోడకి జారగిలపడి కూర్చుండిపోయింది. నిన్నటి నుంచి మోస్తున్నది ఎవరో దించినట్టు గట్టిగా ఊపిరి వదిలింది.

లోపలి గదిలో మల్లేశ్వరి చిన్న కార్బురేటర్‌ని గుడ్డతో సహా బల్ల మీద పెట్టింది. చెంచురామయ్య తలుపు పక్కన నిలబడ్డాడు. యేసుపాదం దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు.

"నిన్న పొద్దున మీరు రెండు కార్బురేటర్లూ కొండకి తీసుకెళ్ళారు," అంది మల్లేశ్వరి. "రెంటినీ ఎక్కించి చూసి ఒకటి ఎంచుకోవాలని బెన్నీతో ఒప్పందం. ముందు చిన్నది. బెన్నీ తోలాడు. పాట పాడుకుంటూ ఎక్కింది. రెండోసారి ఫెబా తోలింది. జీపు ఆమె చేతిలో ఉండగానే బెన్నీ పోయాడు. ఆమెని పంపేసి, మీరు పెద్దది బిగించి, తప్పు కార్బురేటర్ మీదా మీ మీదా వేసుకున్నారు."

"దాని పేరెత్తకండి," యేసుపాదం చేతులు జోడించాడు. "మీకు దణ్ణం పెడతా. దాన్ని జైలుకి పంపకండి."

"ఎందుకంత భయం? అది ప్రమాదం."

"ప్రమాదం కాదమ్మా!" ఆయన ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "పెళ్ళి ప్రకటన చర్చిలో రెండు వారాలు చదివారు. మూడోది, ఆఖరిది, ఈ ఆదివారం. వాడు నిన్న కొండ కింద నిలబడి, ఈ పెళ్ళి వద్దన్నాడు. నాకిష్టం లేదు, పాస్టరు గారికి చెప్పేస్తానన్నాడు. ఇది ఏడ్చింది, అరిచింది. తర్వాత వాడే, పోనీ ఒక్కసారి నువ్వు కూడా తోలి చూడు, కోపం పోద్దిలే అన్నాడు. నవ్వుతానే అన్నాడు. అది ఎక్కింది. వాడు వెనక నిలబడ్డాడు. అది... అది రివర్సు వేసింది. నేను దానికి ఆ జీపు గేర్లు పదిసార్లు నేర్పానమ్మా. దానికి తెలియక కాదు."



మల్లేశ్వరి నెమ్మదిగా చెప్పింది. "మీరు పదిసార్లు నేర్పారు. రోజూ బడికి వెళ్ళడానికి ఆమె తన కారులో మొదటి గేరు వేలసార్లు వేసింది. కంగారులో చెయ్యి వినేది అలవాటు మాట. పంచనామా రాసిన సి.ఐ. గారు కూడా ఆ గేరుని మొదటిదే అనుకున్నారు. ఆమె ముందుకి పోవాలనే తోసింది యేసుపాదం గారూ."

ఆయన చెంచురామయ్య వైపు చూశాడు. సి.ఐ. తలూపాడు.

"కావాలని చెయ్యలేదా?" ముసలాయన ఆ మాట ఎవర్నడిగాడో తెలియలేదు.

"లేదు నాన్నా."

ఫెబా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "కావాలని చేశాననుకున్నావా? నిన్నటి నుంచీ అదే అనుకుంటున్నావా?"

యేసుపాదం ఉన్నచోటే కూలబడ్డాడు.

చెంచురామయ్య జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "ఇది నేను వచ్చేసరికి నా టేబుల్ మీద ఉంది," అన్నాడు. గొంతులో పొద్దుటి గీర లేదు. "పోస్టుమార్టం. డాక్టరు ప్రాథమికంగా రాసింది. లోపల నెత్తురు కారి చనిపోయాడు. దెబ్బ తగిలాక కనీసం అరగంట బతికున్నాడు. వెంటనే ఆస్పత్రికి చేర్చి ఉంటే బతికే అవకాశం ఉండేదట."

మల్లేశ్వరి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నలభై ఏడు నిమిషాలు. కల్లం దగ్గర ఆ లెక్క వేసినప్పుడు కార్బురేటర్ మార్చడానికి ఎంతసేపు పడుతుందనే ఆలోచించింది. జీపు కింద ఉన్న మనిషి గురించి ఆలోచించలేదు.

"మీరు పోయాడనుకున్నారు," అంది యేసుపాదంతో. అది ప్రశ్నలా వినిపించకూడదని ప్రయత్నించింది. "నెత్తురు చూసి, పోయాడనుకున్నారు. కదా?"

ఆయన గోళ్ళలోని మడ్డి గీక్కుంటున్నాడు.

"నాన్నా," అంది ఫెబా. గొంతు చాలా చిన్నగా ఉంది. "నేను 108కి ఫోన్ చేయబోతే లాక్కున్నావు. వేళ్ళు కదిలాయి నాన్నా, చూడు అన్నాను. నరాలు అలాగే కదుల్తాయి, పోయాక కూడా కదుల్తాయి, నువ్వు వెళ్ళిపో అన్నావు. నిన్ను నమ్మి వెళ్ళాను. నీకు కనపడలేదు కదా? నువ్వు అటు వైపు ఉన్నావు కదా?"

యేసుపాదం బల్ల మీది చిన్న కార్బురేటర్ మీద చెయ్యి వేశాడు. గుడ్డని దాని చుట్టూ మళ్ళీ కప్పాడు.

"నేనూ చూశానమ్మా," అన్నాడు. "నన్ను పేరు పెట్టి పిలిచాడు కూడా. లేస్తే నీ పేరు చెప్తాడనుకున్నా."

చెంచురామయ్య చేతిలోని రిమాండ్ కాగితాలు బల్ల మీద పరిచాడు. నిర్లక్ష్యం వల్ల మరణం అని ఉన్న చోట అడ్డంగా గీత కొట్టి, పైన హత్య అని రాశాడు.

"వాసిం," అన్నాడు తల ఎత్తకుండా. "ఆ అమ్మాయిని బయట కూర్చోబెట్టి తలుపు వెయ్యి. ఎవరైనా తోడు ఉండండి, ఒంటరిగా వదలొద్దు."

వాసిం భుజం మీద చెయ్యి వేసి తీసుకెళుతున్నా ఫెబా తండ్రినే చూస్తోంది.